కంటోన్మెంటు గోడ పక్కన ఇల్లు: కొనేవాళ్లు తెలుసుకోవాల్సినవి

వల్లూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు ఒక కుటుంబం చేతిలో నాలుగు డబ్బులు చేరితే మొదట బంగారం కొంటుంది, ఆ తర్వాత కడపలో సెంట్ల లెక్కన స్థలం చూస్తుంది. ఇంకా మిగిలితే హైదరాబాదులో గజాల లెక్కన ప్లాటో, ఫ్లాటో వెతుకుతుంది. పిల్లలు చదువుకో ఉద్యోగానికో అప్పటికే అక్కడ ఉంటారు గనుక ఆ వెతుకులాట సహజం. సికింద్రాబాద్ దాటి తిరుమలగిరి, అల్వాల్, బొల్లారం, యాప్రాల్, సైనిక్‌పురి వైపు వెళ్లగానే మధ్యవర్తి మొదటి మాటగా చెప్పేది ఒకటే: "మిలిటరీ ఏరియా సార్, సేఫ్." ఈ మధ్య ఓర్వకల్లు వైపు స్థలాలు చూపించేవాళ్లు కూడా ఇదే మాటను కొంచెం మార్చి, "డిఫెన్స్ వచ్చింది, రేటు పెరుగుతుంది" అంటున్నారు.

ఈ రెండు మాటల్లో ఎంత నిజముందో తేల్చుకోవడం ఈ వ్యాసం పని. చరిత్ర, చట్టం, స్థానిక పాలన, ఇతర దేశాల అనుభవం అన్నీ చూశాక నాకు తేలింది ఇది: సైనిక స్థావరం పక్కన ఇల్లు, కాగితాలు శుభ్రంగా ఉన్నంతవరకు, కాపురం ఉండటానికి కొనేవాళ్లకు మంచి చోటు. నాలుగేళ్లలో రెట్టింపు ధరకు అమ్ముదామనుకునేవాళ్లకు మాత్రం చాలా ప్రమాదమున్న బేరం. అక్కడ ధరను పైకీ కిందికీ లాగే పెద్ద నిర్ణయాలన్నీ దేశ రక్షణ అవసరాలను బట్టి జరుగుతాయి. మనం పెట్టిన పెట్టుబడిని అవి లెక్కలోకి తీసుకోవు, తీసుకోనక్కర్లేదు కూడా.

దండు ఉన్నంతకాలం పట్నం

ఈ సంగతి అందరికంటే ముందు తెలియాల్సింది మన వల్లూరువాళ్లకే. 13వ శతాబ్దంలో, కాకతీయ గణపతిదేవుడి కాలంలో, ఆశ్వికదళ నాయకుడు కాయస్థ గంగయ సాహిణి ఈ సీమను ఏలాడు. వల్లూరు పట్టణం ఆ కాయస్థ నాయకులకు రాజధాని. రుద్రమదేవిని ఎదిరించిన అంబదేవుడు కూడా ఆ వంశంవాడే. సైన్యం, గుర్రాలు, వాటికి మేత, సరంజామా, జీతాలు ఉన్నంతకాలం అది పట్నం. కాకతీయులు అంబదేవుడి అధికారాన్ని అణచివేశాక దాని ప్రాభవం పోయింది. ఇవాళ వల్లూరు ఒక మండల కేంద్రం. జమ్మలమడుగు పక్కన గండికోట కథా అంతే. పెమ్మసాని నాయకుల కాలంలో కోట లోపల ఒక ఊరే సాగింది. కోటతో పని తీరిపోయాక ధాన్యాగారం, మసీదు, గుళ్లు మిగిలాయి, వాటిని చూడటానికి వచ్చే యాత్రికులు మిగిలారు.

సికింద్రాబాద్ కంటోన్మెంటుకూ మన జిల్లాకూ ఇంకా దగ్గరి సంబంధముంది. 1798లో నిజాం ఈస్టిండియా కంపెనీతో సైనిక ఒప్పందం చేసుకుని కంపెనీ దళాలను తన రాజధాని పక్కన నిలుపుకున్నాడు. ఆ దళాల ఖర్చుకు బదులుగా 1800 అక్టోబరులో బళ్లారి, కడప ప్రాంతాలను కంపెనీకి వదిలేశాడు. దత్తమండలాలుగా మనం కంపెనీ చేతికి వెళ్లింది అలా. ఆ దండు నిలిచిన చోటికే 1806లో నిజాం సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అన్న పేరొచ్చింది. రెండు వందల ఏళ్ల తర్వాత కడప కుటుంబాలు అదే దండు పక్కన గజాలు కొనుక్కుంటున్నాయి.

ఈ చరిత్రను నెమరేసుకోవడానికి కారణముంది. దండు ఒక ఊరిని నిలబెట్టగలదు, అవసరం తీరాక వదిలిపోనూగలదు. సికింద్రాబాద్ దండు ఇప్పట్లో కదిలేది కాదు. అయినా లోపల ఏ యూనిట్ ఎక్కడుండాలి, ఏ దారి తెరిచి ఉండాలి, ఏ గోడ ఎంత ఎత్తు లేవాలి అన్నవి కాలాన్ని బట్టి మారుతూనే ఉన్నాయి. పక్కన ఉండే ఇంటి విలువ ఈ మార్పులన్నిటికీ లోబడి ఉంటుంది.

జనం ఎందుకు ఇష్టపడతారు

ముందు మంచి చెప్పుకోవాలి, ఎందుకంటే మంచి నిజంగానే ఉంది. సుమారు 10 వేల ఎకరాల్లో విస్తరించిన సికింద్రాబాద్ కంటోన్మెంటు దేశంలోని పెద్ద కంటోన్మెంట్లలో ఒకటి. 2011 జనగణన నాటికే అక్కడి జనాభా 2 లక్షలు దాటింది. సైన్యం చేతిలో ఉన్న నేల అపార్టుమెంట్లుగా మారలేదు గనుక ఆ మేరకు చెట్లు, ఖాళీ మైదానాలు, పాత బంగళాల తోటలు నిలిచాయి. నగరంలో మిగతాచోట్ల చెరువులు, గుట్టలు కాంక్రీటు కిందికి పోతున్న కాలంలో ఇది చిన్న సౌకర్యం కాదు.

రెండోది మనుషులు. తిరుమలగిరి, బొల్లారం, పికెట్‌లలో కేంద్రీయ విద్యాలయాలున్నాయి, ఆర్మీ స్కూళ్లున్నాయి. మిలిటరీ ఆసుపత్రి, సీఎస్‌డీ క్యాంటీన్లు, మాజీ సైనికుల కోసం 2003లో మొదలైన ఈసీహెచ్‌ఎస్ వైద్యం ఉన్నాయి. అందుకే దేశమంతా తిరిగి పదవీ విరమణ చేసిన సైనికుడు, అతని సొంత ఊరు ఏదైనా, ఈ చుట్టుపక్కలే ఇల్లు కట్టుకోవాలనుకుంటాడు. సైనిక్‌పురి సైనికాధికారుల సహకార గృహనిర్మాణ సంఘం లేఅవుటుగా మొదలై ఆ పేరునే నిలుపుకుంది. యాప్రాల్, కౌకూర్ వైపు కూడా మాజీ సైనికుల కాలనీలు చాలా వెలిశాయి. ఇలాంటి వాళ్లు చుట్టూ ఉన్న కాలనీలో శుభ్రత, క్రమశిక్షణ, కాలనీ సంఘం పనితీరు బాగుంటాయన్న నమ్మకానికి ఆధారముంది.

మూడోది అద్దె. బదిలీ మీద వచ్చిన అధికారి, జవాను క్వార్టర్సు దొరికేదాకా బయట అద్దెకుంటారు. వాళ్ల జీతం నెలనెలా తప్పదు. కాకపోతే రెండు మూడేళ్లకోసారి బదిలీ వస్తుంది, క్వార్టర్సు దొరికిన రోజే ఇల్లు ఖాళీ అవుతుంది. స్థావరం లోపల కొత్త క్వార్టర్లు కట్టినా బయట అద్దె గిరాకీ తగ్గుతుంది. కాబట్టి అద్దె లెక్క వేసేటప్పుడు పనిచేసే సైనికుల మీదకంటే స్థిరపడ్డ మాజీ సైనికుల మీద, నగర ఉద్యోగుల మీద ఆధారపడటం మంచిది.

సైనికుల కోసం కట్టే సంస్థలూ ఉన్నాయి. సైన్యం వైపున 1978లో ఏర్పడిన ఆర్మీ వెల్ఫేర్ హౌసింగ్ ఆర్గనైజేషన్, వాయుసేన, నౌకాదళాల వైపున వాటి గృహనిర్మాణ బోర్డు లాభాపేక్ష లేకుండా కడతాయి. పేరు మంచిదైనా కట్టడాన్ని విడిగా పరీక్షించుకోవాల్సిందే. కొచ్చిలో సైనిక కుటుంబాల కోసం కట్టిన చందర్ కుంజ్ సముదాయంలో రెండు టవర్లు నివాసానికి సురక్షితం కాదని, కూల్చి మళ్లీ కట్టాలని 2025 ఫిబ్రవరిలో కేరళ హైకోర్టు ఆదేశించింది.

నేల ఎవరిది?

మిలిటరీ ఏరియాలో ఇల్లు అన్నప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. గోడకు, అంటే కంటోన్మెంటు హద్దుకు, లోపలా బయటా న్యాయం వేరు.

కంటోన్మెంటు హద్దు లోపల ప్రతి అంగుళం సర్కారు నేలా జనరల్ ల్యాండ్ రిజిస్టరులో ఒక తరగతి కింద ఉంటుంది. సైన్యం నేరుగా వాడుకునేది ఏ-1. సైన్యం అవసరాలకు అట్టిపెట్టింది ఏ-2. కంటోన్మెంటు బోర్డుకు అప్పగించింది సి. మధ్యలో బి తరగతి, దాంట్లో మళ్లీ నాలుగు రకాలు. సామాన్యుడు ఎక్కువగా తట్టుకుని పడేది బీ-3 దగ్గర. బీ-3 అంటే ప్రైవేటు మనిషి లీజు మీదో మరో షరతు మీదో అనుభవిస్తున్న నేల. దాని మీద యాజమాన్య హక్కు కేంద్ర ప్రభుత్వానిదే.

పాత బంగళాల్లో చాలావరకు 'ఓల్డ్ గ్రాంట్' కింద వచ్చినవి. కంపెనీ కాలంలో సైనికాధికారులకు ఇళ్లు కావాల్సివచ్చి, ఖాళీ నేల ఇచ్చి కట్టుకోనిచ్చారు. షరతు ఏమిటంటే కట్టడం మీద హక్కు కట్టినవాడిది, నేల సర్కారుది. నోటీసిచ్చి నేలను వెనక్కి తీసుకునే హక్కు సర్కారుకు ఉంటుంది. అప్పుడు పరిహారం కట్టడానికే, నేలకు కాదు. ఆ బంగళాలు తరాల తరబడి చేతులు మారాయి, కొన్న ప్రతివాడూ నేలకు కూడా డబ్బిచ్చాననే అనుకున్నాడు. నేల తనది కాదన్న సంగతి చాలామందికి అమ్మబోయినప్పుడో, పంచుకోబోయినప్పుడో, మేడ లేపబోయినప్పుడో తెలిసొచ్చింది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత ఇలాంటి ఆస్తుల విషయంలో అక్షరాలా నిజం. బ్యాంకులూ వీటిమీద అప్పివ్వడానికి వెనకాడతాయి.

అలాగని కంటోన్మెంటు లోపలిదంతా సర్కారు నేల అనుకోవడం కూడా తప్పే. హద్దు లోపల పట్టా భూములున్నాయి, వాటిమీద న్యాయంగా వెలసిన కాలనీలున్నాయి. కార్ఖానా, బోయిన్‌పల్లి, మారేడ్‌పల్లి వైపు వేల కుటుంబాలు ఇలాంటి ఇళ్లలో నిశ్చింతగా ఉన్నాయి. రెండు ఇళ్లు పక్కపక్కనే ఉండి, ఒకే రంగు సున్నంతో, ఒకే ఎత్తులో కనిపించవచ్చు. ఒకటి పూర్తి హక్కున్నది, మరొకటి బీ-3 కావచ్చు. చూపుకు తేడా తెలియదు, రిజిస్టరులో తెలుస్తుంది. అందుకే రక్షణ శాఖ డిఫెన్స్ ఎస్టేట్స్ కార్యాలయంలోని ల్యాండ్ రిజిస్టరు నకలు చూడకుండా బయానా ఇవ్వడమంటే కళ్లు మూసుకుని సంతకం పెట్టడమే.

పెట్టుబడి లెక్కలో ఇంకో తేడా ఉంది. హైదరాబాదులో 2006లో వచ్చిన జీవో 86తో కట్టడానికి ఎఫ్‌ఎస్‌ఐ (స్థలంతో పోలిస్తే మొత్తం ఎంత కట్టవచ్చన్న లెక్క) పరిమితి పోయింది, రోడ్డు వెడల్పును, స్థలం విస్తీర్ణాన్ని బట్టి అంతస్తులు లేపుకోవచ్చు. కంటోన్మెంటు బోర్డు కట్టడ నిబంధనలు వేరు, అక్కడ ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి ఉంది. ఒకే రోడ్డుకు అటు జీహెచ్‌ఎంసీ, ఇటు కంటోన్మెంటు అయితే, ఒకే కొలత స్థలం మీద అటు కట్టగలిగినంత ఇటు కట్టలేం. ఇల్లు కట్టుకుని ఉండేవాడికి ఇది ఒక రకంగా మేలు, ఎదురుగా 20 అంతస్తుల నీడ పడదు. డెవలపర్‌కు ఇచ్చి వాటా తీసుకుందామనుకునేవాడికి ఇది పెద్ద కోత.

గోడ బయట ఎంత దూరం?

హద్దు బయట పట్టా భూమిలో కొంటే గొడవ లేదనుకుంటారు చాలామంది. అదీ పూర్తి నిజం కాదు.

1903 నాటి వర్క్స్ ఆఫ్ డిఫెన్స్ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. సైనిక కట్టడం చుట్టూ నేలను ఖాళీగా ఉంచాలని కేంద్రం దాని కింద ప్రకటన ఇవ్వవచ్చు. ఆ చట్టంలో 500, 1000, 2000 గజాల మూడు వలయాలున్నాయి, దగ్గరయ్యేకొద్దీ ఆంక్షలు బిగుస్తాయి. నష్టపోయినవాళ్లకు పరిహారం కూడా ఆ చట్టమే చెబుతుంది. వాయుసేన ఆయుధ డిపో చుట్టూ 900 మీటర్ల ఆంక్షతో గురుగ్రామ్‌లో వేల ఇళ్లు ఏళ్ల తరబడి వివాదంలో నలిగాయి. ఇళ్లు లేచాక, జనం చేరాక, కరెంటు వచ్చాక ఆంక్ష ఉందని చెప్పడం ఎంత దుర్మార్గమో అక్కడి కుటుంబాలు అనుభవించాయి.

ముంబయిలో సైనిక ప్రాంతం పక్కన లేచిన ఆదర్శ్ సొసైటీ భవనం కుంభకోణం బయటపడ్డాక రక్షణ శాఖ 2011 మేలో ఒక సర్క్యులర్ ఇచ్చింది. సైనిక స్థావరానికి 100 మీటర్ల లోపు, నాలుగంతస్తులు మించిన భవనాలైతే 500 మీటర్ల లోపు, భద్రతకు ప్రమాదమనిపిస్తే స్థానిక సైనికాధికారి అభ్యంతరం లేవనెత్తవచ్చు. దేశమంతటా దాంతో నిర్మాణాలు ఆగాయి. 2016 అక్టోబరులో సడలించి, జాబితాలోని 193 స్టేషన్లలో ఆ దూరాన్ని 10 మీటర్లకు తగ్గించారు. 2022 డిసెంబరులో మళ్లీ కొత్త సర్క్యులర్ తెచ్చి, రెండు నెలలకే నిలిపివేశారు. చట్టం చేయకుండా సర్క్యులర్‌తో యజమాని హక్కును ఎంతవరకు కట్టేయవచ్చన్న ప్రశ్న హైకోర్టుల ముందుకు పదేపదే వెళ్లింది.

ఇక్కడ గమనించాల్సింది ఈ ఊగిసలాటనే. 100, 500, 10, మళ్లీ మార్పు, మళ్లీ వెనక్కి. ప్లాటు కొన్ననాడు ఉన్న నిబంధన ఇల్లు కట్టేనాటికి ఉంటుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. సైన్యం భయాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. స్థావరంలోకి తొంగిచూసే పదో అంతస్తు కిటికీ నిజంగానే ప్రమాదం. ఆ ప్రమాదాన్ని తప్పించే భారం మాత్రం దేశం మొత్తం మీద పడాలి, గోడ పక్కన ఇల్లున్న ఒక్క కుటుంబం మీద పడకూడదు.

విమాన స్థావరాల పక్కన లెక్క ఇంకోలా ఉంటుంది. హకీంపేట, దుండిగల్ వాయుసేన శిక్షణ కేంద్రాలు. దుండిగల్‌లోని ఎయిర్ ఫోర్స్ అకాడమీ 1971 నుంచి పనిచేస్తోంది. విశాఖలో పౌర విమానాలు దశాబ్దాలుగా దిగుతూ వచ్చిన రన్‌వే నౌకాదళం ఐఎన్‌ఎస్ డేగాది. విమానాశ్రయాల చుట్టూ ఎత్తుల మీద ఆంక్షలు 2015 నాటి నిబంధనల ప్రకారం 20 కిలోమీటర్ల వరకు ఉంటాయి. సైనిక విమానాశ్రయమైతే ఆ ఎత్తుకు అనుమతి ఇవ్వాల్సింది సైన్యమే. రెండంతస్తుల ఇంటికి చాలాచోట్ల ఇబ్బంది రాదు, ఎత్తైన అపార్టుమెంటులో పై ఫ్లాటు బుక్ చేసేవాళ్లు మాత్రం ఆ ఎన్‌ఓసీని కళ్లారా చూడాలి. శిక్షణ విమానాల చప్పుడు ఆదివారం స్థలం చూడటానికి వెళితే తెలియదు, పనిరోజు పొద్దున వెళ్లి విని రావాలి.

దారి మూసుకుంటే?

స్థలం విలువలో సగం దారిది. సికింద్రాబాద్ చుట్టుపక్కల ఇది అనుభవంలో తేలింది. మల్కాజిగిరి, సఫిల్‌గూడ, నేరేడ్‌మెట్, సైనిక్‌పురి జనం నగరంలోకి రావాలంటే కొన్ని దారులు సైనిక ప్రాంతం గుండా వెళతాయి. భద్రత పేరుతో గఫ్ రోడ్డు వంటి దారుల మీద ఆంక్షలు వచ్చినప్పుడల్లా స్కూలు బస్సులు, అంబులెన్సులు, ఉద్యోగులు చుట్టు తిరిగారు. కంటోన్మెంటుల చట్టం 2006లో 258వ సెక్షన్ ప్రకారం దారి మూసేముందు బోర్డు నిర్ణీత పద్ధతి పాటించాలి. చాలాచోట్ల అది జరగలేదు. 2018 మేలో నాటి రక్షణ మంత్రి నిర్మలా సీతారామన్ దేశంలోని 62 కంటోన్మెంట్లలో మూసిన దారులను తెరవాలని ఆదేశించారు. ఆ తర్వాతా సికింద్రాబాద్‌లో వివాదం సద్దుమణగలేదు. 2022 మార్చిలో నాటి మునిసిపల్ మంత్రి కె.టి. రామారావు, దారులు మూస్తే సైనిక ప్రాంతానికి నీళ్లు, కరెంటు ఆపాల్సి వస్తుందని శాసనసభలోనే అనేదాకా వెళ్లింది.

దారి విషయంలో మంచి మార్పు కూడా వచ్చింది. ప్యారడైజ్ నుంచి డెయిరీ ఫామ్ రోడ్డు వైపు 44వ జాతీయ రహదారి మీద, శామీర్‌పేట వైపు రాజీవ్ రహదారి మీద ఎలివేటెడ్ కారిడార్లకు రక్షణ శాఖ నేల ఇవ్వడానికి ఒప్పుకోవడంతో 2024 మార్చిలో వాటికి శంకుస్థాపనలు జరిగాయి. ఏళ్ల తరబడి ఆగిన పని ఒక్క అనుమతితో కదిలింది. అల్వాల్, బొల్లారం, సుచిత్ర వైపు ధరల మీద ఈ వార్త ప్రభావం పడకుండా ఉండదు. విలువ దారితో పెరిగినా, దారి మూతతో తగ్గినా, తాళం చెవి ఉన్నది రక్షణ శాఖ దగ్గరే అన్నది రెండు సందర్భాల్లోనూ కనిపించేదే.

ఎవరిని అడగాలి?

మన వల్లూరులో కాలువ పూడితే అడగడానికి సర్పంచి ఉంటాడు. కంటోన్మెంటులో ఆ స్థానం బోర్డుది. దానికి అధ్యక్షుడు సైనికాధికారి, కార్యనిర్వహణ రక్షణ శాఖ అధికారిది. ప్రజలు ఎన్నుకునే వార్డు సభ్యులుండాలి. సికింద్రాబాద్‌లో ఆ ఎన్నికలు చివరిగా జరిగింది 2015 జనవరిలో. 2023లో ఎన్నికలకు ప్రకటన ఇచ్చి, కొద్ది వారాల్లోనే వెనక్కి తీసుకున్నారు. 2 లక్షలకు పైగా జనమున్న చోట అడగడానికి ఎన్నికైన మనిషి లేకపోవడం ఆస్తి విలువకంటే పెద్ద సమస్య. అది పౌరుడి హక్కు సమస్య.

ఇప్పుడు వినిపిస్తున్న పెద్ద ఆశ విలీనం. హిమాచల్‌లోని యోల్ 2023లో కంటోన్మెంటు హోదా నుంచి బయటికొచ్చింది. 2024లో రక్షణ శాఖ సికింద్రాబాద్‌తో సహా పలు కంటోన్మెంట్లలోని పౌర నివాస ప్రాంతాలను పక్కనున్న మునిసిపాలిటీల్లో కలిపేందుకు విధివిధానాలు చెప్పింది. "విలీనమైతే జీహెచ్‌ఎంసీ రేటు వస్తుంది" అని అమ్మేవాళ్లు అప్పటి నుంచే చెప్పడం మొదలుపెట్టారు. ఇక్కడ ఒక సంగతి గట్టిగా గుర్తుంచుకోవాలి. విలీనంతో పాలన మారుతుంది, నీళ్లు, రోడ్లు, కట్టడ నిబంధనలు మారవచ్చు. కేంద్రానికి హక్కున్న నేల మీద ఆ హక్కు అలాగే ఉంటుంది. బీ-3 నేల విలీనం మర్నాడు పట్టా భూమి అయిపోదు.

డిఫెన్స్ వస్తోందన్న వార్త మీద కొనడం

ఇప్పటిదాకా ఉన్న స్థావరాల సంగతి. రాబోయే వాటి పక్కన కొనడం మరో రకం ప్రమాదం, మన సీమలో ఇప్పుడు దీనికే ఎక్కువ వేడి ఉంది. ఓర్వకల్లు దగ్గర డీఆర్‌డీఓ నేషనల్ ఓపెన్ ఏరియా రేంజ్‌లో 2025 ఏప్రిల్‌లో లేజర్ ఆయుధాన్ని, జూలైలో డ్రోన్ నుంచి ప్రయోగించే క్షిపణిని పరీక్షించారు. దేశం గర్వించాల్సిన పని అది. కానీ పరీక్షా క్షేత్రానికి కావాల్సింది చుట్టూ మనుషులు లేని విశాలమైన నేల. వేల ఉద్యోగాలు, వేల అద్దె ఇళ్లు అక్కడి స్వభావానికే పొసగవు. సీమలో రక్షణ పరిశ్రమల గురించి ప్రభుత్వం ప్రకటించిన క్లస్టర్లు వేరు, సైనిక స్థావరం వేరు. ఫ్యాక్టరీ ఉద్యోగులను తెస్తుంది, స్థావరం తన ఉద్యోగులను చాలావరకు గోడ లోపలే ఉంచుకుంటుంది, పరీక్షా క్షేత్రం జనాన్ని దూరంగా ఉంచుతుంది. ఈ మూడింటినీ 'డిఫెన్స్' అన్న ఒక్క మాట కింద కలిపి అమ్మడం మోసం.

విశాఖకు దక్షిణంగా రాంబిల్లి తీరంలో నౌకాదళ స్థావరం ఐఎన్‌ఎస్ వర్ష కోసం ఊళ్లు తరలాల్సి వచ్చింది. నిర్వాసితులైన మత్స్యకారులు సముద్రానికి దారి కోసం, పునరావాసం కోసం ఏళ్లుగా అడుగుతూ వచ్చారు. వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో నౌకాదళ సమాచార ప్రసార కేంద్రానికి 2024 అక్టోబరులో రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు. అడవి, మూసీ నీళ్లు ఏమవుతాయన్న ఆందోళన స్థానికుల్లో ఇంకా ఉంది. స్థావరం పక్కన వెంచర్ వేసి లాభపడాలనుకునేవాడు, ఆ స్థావరం కోసం పొలం, వల, ఊరు వదులుకున్నవాడి గురించి ఒక్కసారైనా ఆలోచించాలి.

న్యాయం వైపు నుంచి ఒక హెచ్చరిక. 2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రాథమిక ప్రకటన వెలువడ్డాక ఆ నేల మీద కొనుగోలు, అమ్మకం, తాకట్టు ఏవీ చెల్లవు. పరిహారం లెక్కకట్టేది అంతకుముందు మూడేళ్ల రిజిస్టర్డ్ అమ్మకాల ధరలను బట్టి. పుకారు మీద ఎక్కువ ధర ఇచ్చి, రిజిస్టర్డ్ దస్తావేజులో తక్కువ రాయించుకున్నవాడికి పరిహారంలోనూ తక్కువే వస్తుంది. దేశ రక్షణ అవసరమైతే 40వ సెక్షన్ కింద అత్యవసరంగా నేల తీసుకునే అధికారం కూడా ప్రభుత్వానికుంది. స్థావరం ఇవాళ ఉన్న గోడ దగ్గరే శాశ్వతంగా ఆగుతుందన్న నమ్మకం ఎవరికీ ఉండకూడదు.

బయటి దేశాల అనుభవం

అమెరికాలో వర్జీనియా బీచ్ నగరంలో ఓషియానా నౌకాదళ విమాన స్థావరముంది. వర్జీనియా రాష్ట్ర చట్టం ప్రకారం స్థావరం ఉన్న ప్రాంతంలో ఇల్లు అమ్మేవాడు లేదా అద్దెకిచ్చేవాడు ఆ ఇల్లు ఏ చప్పుడు మండలంలో, ఏ ప్రమాద మండలంలో ఉందో కొనేవాడికి రాతపూర్వకంగా చెప్పాలి. 2005లో చుట్టూ ఇళ్లు పెరిగిపోయాయని విమానాలను తరలించే ప్రతిపాదన వస్తే, నగరం నేల కొని ఖాళీగా ఉంచింది, కొత్త నిర్మాణాలను కట్టడి చేసింది. స్థావరం, జనం రెండూ ఉండాలంటే హద్దులు ముందే బాహాటంగా ఉండాలని వాళ్లు ఒప్పుకున్నారు.

స్థావరం మూతపడితే ఏమవుతుందో కూడా అక్కడే తెలుస్తుంది. ప్రచ్ఛన్నయుద్ధం ముగిశాక అమెరికా స్థావరాల మూసివేతలు విడతలుగా సాగాయి. కాలిఫోర్నియాలో ఫోర్ట్ ఆర్డ్ 1994లో మూతపడింది. విశ్వవిద్యాలయం వచ్చి కొంత నిలబెట్టింది, మిగతా నేల పునరుద్ధరణకు దశాబ్దాలు పట్టాయి. ఫిలిప్పీన్స్‌లో పినటుబో అగ్నిపర్వతం పేలాక 1991లో క్లార్క్ స్థావరాన్ని అమెరికా వదిలేయగానే, దాని మీదే బతికిన ఆంజెలెస్ నగరం కోలుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. మన కంటోన్మెంట్లకు అలాంటి ముప్పు ఇప్పట్లో లేకపోవచ్చు. ఒకే కొనుగోలుదారు వర్గం మీద ఆధారపడ్డ మార్కెట్ ఎంత బలహీనమో ఇవి చెబుతాయి.

జపాన్‌లో ఒకినావాది వేరే కథ. అక్కడ అమెరికా స్థావరాల కింద ఉన్న నేలలో చాలా భాగం ప్రైవేటు యజమానులది. జపాన్ ప్రభుత్వం వాళ్లకు ఏటా అద్దె ఇస్తుంది. ఆ అద్దె నమ్మకమైన ఆదాయం గనుక స్థావరం కింది నేలనే పెట్టుబడిగా కొనేవాళ్లున్నారు. ఫుతెన్మా స్థావరాన్ని వెనక్కిస్తామని 1996లో ఒప్పందం జరిగినా ఇంకా ఇవ్వలేదు. యజమానికి అద్దె వస్తుంది, నేల చేతికి రాదు. ఇది పెట్టుబడా, పరాధీనతా అన్న ప్రశ్నను ఒకినావా ప్రజలు తరతరాలుగా అడుగుతున్నారు.

కొనేవాళ్లు చేయాల్సింది, ప్రభుత్వం చేయాల్సింది

కొనదలచిన కుటుంబానికి చెప్పగలిగేది ఇంత. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు అందరూ చూస్తారు, అవి ఇక్కడ చాలవు. కంటోన్మెంటు హద్దు లోపలైతే ల్యాండ్ రిజిస్టరులో తరగతి చూడాలి, బోర్డు ఆమోదించిన ప్లాను చూడాలి. బయటైతే రిజిస్ట్రేషన్ శాఖ 22-ఏ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరుందో లేదో చూడాలి. గోడ నుంచి దూరం టేపుతో కొలిపించాలి, సైన్యం ఎన్‌ఓసీ అవసరమైతే అసలు కాగితం చూడాలి. నగరంలోకి వెళ్లే దారి సైనిక ప్రాంతం గుండానేనా, వేరే దారి ఉందా అన్నది తప్పనిసరిగా చూసుకోవాలి. వేరే దారి లేని ప్లాటును, ధర ఎంత తక్కువైనా వదిలేయాలి. చివరగా, పదేళ్లు అమ్మకుండా ఉండగలమా అని ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలి. ఉండగలిగితే, పట్టా నేల అయితే, సైనిక్‌పురి లాంటి చోట ఇల్లు కొనడానికి భయపడాల్సిన పనిలేదు. అప్పు తెచ్చి, రెండేళ్లలో అమ్మి ప్రొద్దుటూరులో కూతురి పెళ్లికి బంగారం కొందామనుకుంటే, ఈ బేరం మనది కాదు.

కుటుంబం ఎంత జాగ్రత్తపడ్డా, ఆంక్షల పటం దాని చేతిలో లేకపోతే ఫలితం లేదు. అందుకే ప్రభుత్వాలను అడగాల్సినవీ ఉన్నాయి. ప్రతి స్థావరం చుట్టూ ఆంక్షలున్న సర్వే నంబర్లు, ఎంత దూరం, ఎంత ఎత్తు అన్నవి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలోనే కనిపించాలి. అలాంటి నేల రిజిస్ట్రేషనుకు వస్తే కొనేవాడికి రాతపూర్వకంగా చెప్పి, అతని సంతకం తీసుకోవాలి. భద్రత కోసం నిజంగా నేల ఖాళీగా ఉండాల్సిన చోట సర్క్యులర్లు పక్కనపెట్టి, 1903 చట్టం చెప్పినట్టే ప్రకటన ఇచ్చి, పరిహారం కట్టాలి. కంటోన్మెంటులో విలీనం పూర్తయ్యేదాకానైనా ప్రజలు ఎన్నుకున్న సభ్యులుండాలి.

స్థావరం లోపల ఉన్నవాళ్లు దేశం కోసం ప్రాణం పెట్టేవాళ్లు. వాళ్లలో మన జిల్లా పల్లెల నుంచి వెళ్లినవాళ్లూ ఉన్నారు. గోడ బయట ఉన్నవాళ్లు జీవితమంతా కూడబెట్టింది ఆ ఇంటి మీద పెట్టినవాళ్లు. వీళ్లిద్దరి మధ్యా పోటీ ఉండాల్సిన అవసరం లేదు. నేల ఎవరిదో, హద్దు ఎక్కడో, దారి ఎప్పుడు మూస్తారో ముందే చెప్పే పద్ధతి ఒక్కటి ఉంటే చాలు, సైన్యానికి భద్రతా దక్కుతుంది, కొన్నవాడికి ఇల్లూ దక్కుతుంది. ఆ పద్ధతి వచ్చేదాకా, "మిలిటరీ ఏరియా, సేఫ్" అన్న మాట విన్న ప్రతి కుటుంబం, సేఫ్ అని చెబుతున్న కాగితం చూపించమని అడగాలి.